కలిసి కట్టుకునే సోలార్, గాలి, నీటి కరెంటు ప్రాజెక్టులు: స్థానిక డేటాపై తరచుగా అడిగే ప్రశ్నలు

పదిమంది కలిసి సొంతంగా కరెంటు తయారు చేసుకుందాం అనుకున్న ప్రతిచోటా మొదటి సమావేశంలోనే మాట ప్యానెళ్ల మీదికి పోతుంది. ఏ రకం కొనాలి, ఎన్ని కిలోవాట్లు పెట్టాలి, ఎప్పటికి బిగిస్తారు. ఈ ప్రశ్నలు వేయడంలో తప్పులేదు కానీ, వాటికి జవాబు ప్యానెళ్లు అమ్మేవాళ్ల దగ్గర ఉండదు. మీ మీటర్లలో, మీ పైకప్పుల మీద, మీ వాగులో ఉంటుంది. దాన్ని ఎలా బయటికి తీయాలన్నదే ఇక్కడి విషయం. వరుసగా చదవాల్సిన పనిలేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

స్థానిక డేటా అంటే ఏమేం వస్తాయి?

నాలుగు రకాలు అనుకోండి. ఎవరు ఎప్పుడు ఎంత కరెంటు వాడుతున్నారు అనేది ఒకటి. ఎండ, గాలి, నీరు, పేడ, పంట వ్యర్థాలు లాంటివి ఎంత, ఏ నెలల్లో దొరుకుతాయి అనేది రెండోది. పైకప్పులు, ఖాళీ స్థలాలు, వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఏ స్థితిలో ఉన్నాయి అనేది మూడోది. స్థలం ఎవరిది, డబ్బు ఎవరు పెడతారు, రేపు పాడైతే ఎవరు చూస్తారు అనేది నాలుగోది. చాలామంది రెండోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే అది ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో దించుకోవచ్చు. మిగతా మూడింటికీ కాళ్లరగాలి.

మరి దేనితో మొదలుపెట్టాలి?

వాడకంతో. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

ఎండ ఎంతుందో తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు, అదీ ఉచితంగా. పైగా అది ఎక్కడికీ పోదు. సాయంత్రం ఏడింటికి మీ అందరి ఇళ్లలో కలిపి ఎంత లోడు పడుతోందో మాత్రం ఏ ఉపగ్రహమూ చెప్పదు. ప్రాజెక్టు సైజు, బ్యాటరీ కావాలా వద్దా, అసలు సోలారా ఇంకోటా అన్నవన్నీ ఆ లోడు ఆకారాన్ని బట్టే తేలతాయి. ఒక పాఠశాల పైకప్పునే తీసుకోండి. ఎండ ఉన్న గంటల్లోనే ఫ్యాన్లు, లైట్లు, కంప్యూటర్లు నడుస్తాయి కాబట్టి సోలార్‌కు అంతకంటే బాగా కుదిరే చోటు లేదనిపిస్తుంది. నిజమే, సెలవులు వచ్చేదాకా. ఏడాదిలో ఎండ దంచికొట్టే వారాలూ బడి మూసి ఉండే వారాలూ ఒకటే అయితే, ఆ కరెంటు ఎక్కడికి పోవాలన్నది ముందే తేల్చుకోవాలి. సెలవుల పట్టిక కూడా డేటానే.

కరెంటు బిల్లులు సరిపోవా?

మొదటి అంచనాకు సరిపోతాయి. పన్నెండు నెలల బిల్లులు తీసుకోండి, ఒకటి రెండు నెలలవి కాదు. నెలవారీ యూనిట్లను ఒక షీట్లో వేస్తే ఏ కాలంలో వాడకం పెరుగుతోందో తెలిసిపోతుంది.

బిల్లు చెప్పనిది ఏమిటంటే, ఆ యూనిట్లు ఏ గంటలో వాడారు అన్నది. నెలకు 150 యూనిట్లు వాడే ఇళ్లు రెండున్నాయనుకోండి. ఒక ఇంట్లో పగలంతా మోటారు, కుట్టుమిషన్ నడుస్తాయి. రెండో ఇంట్లో అందరూ పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వస్తారు. బిల్లు ఒకటే కానీ సోలార్ దృష్టిలో ఈ రెండిళ్లకూ పోలికే లేదు. మొదటి ఇల్లు ప్యానెల్ కరెంటును అప్పటికప్పుడు వాడేసుకుంటుంది. రెండోది బ్యాటరీలో దాచుకోవాలి, లేదా గ్రిడ్‌కు (కరెంటు సంస్థ లైన్లకు) ఇచ్చి రాత్రికి తిరిగి తీసుకోవాలి.

స్మార్ట్ మీటర్లు ఉన్నచోట 15 లేదా 30 నిమిషాలకోసారి రీడింగు నమోదవుతుంది, వినియోగదారు అడిగితే కరెంటు సంస్థ ఇవ్వగలుగుతుంది. లేనిచోట పాత పద్ధతే. ఒక మామూలు రోజు, ఒక సెలవు రోజు ఎంచుకుని, ఒప్పుకున్న పది పదిహేను ఇళ్లలో పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా గంటగంటకూ మీటర్లో కనిపించే అంకెను కాగితం మీద రాయించండి. మీటరు ఫొటో తీసి గ్రూపులో పెట్టమంటే ఇంకా సులువు, టైమ్ దానంతటదే నమోదవుతుంది. రెండు అంకెల మధ్య తేడా ఆ గంట వాడకం. ఇదే పని కాలం మారినప్పుడు మరోసారి చేయండి. ఈ చిన్న తతంగంతో వచ్చే గ్రాఫు చూసి జనం నోరెళ్లబెడతారు, ఎందుకంటే తమ కరెంటు ఎక్కడికి పోతోందో చాలామందికి మొదటిసారి కనిపించేది అప్పుడే.

అసలు ఇంతవరకు కరెంటే లేని చోట వాడకం ఎలా లెక్కేస్తారు?

కష్టం. "కరెంటు వస్తే ఏమేం కొంటారు, ఎన్ని గంటలు వాడతారు" అని అడిగితే జనం ఆశపడేది చెబుతారు, కొనబోయేది కాదు. కెన్యాలో ఎనిమిది మైక్రోగ్రిడ్లలో (ఒక్కో చోటికి సరిపడే చిన్న సొంత కరెంటు వ్యవస్థలు) సర్వే అంచనాలను తర్వాతి అసలు వాడకంతో పోల్చి చూస్తే (2017లో వచ్చిన అధ్యయనం ఇది), ఒక్కో వినియోగదారు సగటున వాడింది రోజుకు 113 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్). అంచనాలో వచ్చిన సగటు తప్పు 426 వాట్ అవర్లు. తప్పే అసలు కంటే దాదాపు నాలుగు రెట్లన్నమాట. ఆ అంచనాను నమ్మి ప్యానెళ్లు, బ్యాటరీలు కొంటే ఎవరూ వాడని కరెంటుకు అందరూ డబ్బు కట్టాల్సి వస్తుంది.

అందుకని ఆశల్ని కాక ఇప్పటి ఖర్చుల్ని అడగండి. కిరోసిన్, కొవ్వొత్తులు, బ్యాటరీ సెల్లులు, ఫోన్ చార్జింగు, డీజిల్ వీటికి నెలకు ఎంత అవుతోంది? ఆ డబ్బు ఇప్పటికే చేతిలోంచి పోతోంది కాబట్టి ఆ అంకె నమ్మదగింది. దగ్గర్లో కరెంటు వచ్చి రెండు మూడేళ్లయిన, ఇలాంటి బతుకుతెరువే ఉన్న ఇంకో చోటు ఉంటే వాళ్ల మీటర్ల లెక్క ఎన్ని సర్వేలకైనా సాటి వస్తుంది. చివరగా, చిన్నగా మొదలుపెట్టి పెంచుకోగలిగేలా డిజైన్ చేయండి. ప్యానెళ్లు తర్వాత కలపడం తేలిక. సన్న వైరు తీసేసి లావు వైరు వేయడం, స్తంభాలు మార్చడం తేలిక కాదు. కాబట్టి పొదుపు ప్యానెళ్లలో చూపించండి, వైర్లలో వద్దు.

ఇంటింటి సర్వేలో ఏం అడగాలి?

తక్కువ అడగండి. నలభై ప్రశ్నల ఫారం పట్టుకెళ్తే ఇరవయ్యో ప్రశ్నకే జవాబులు "ఆఁ, అంతే" అయిపోతాయి. ఏ పరికరాలు ఉన్నాయి, వాటి వెనక అతికించి ఉండే లేబుల్ మీద ఎన్ని వాట్లని రాసుంది, ఏ సమయంలో వాడతారు, కరెంటు పోతే ఏ పని ఆగిపోతుంది, ఇల్లు సొంతమా అద్దెదా. ఇంతే చాలు.

ఆఖరి ప్రశ్నను వదలొద్దు. అద్దెకున్నవాళ్లకు పైకప్పు మీద హక్కుండదు, అపార్టుమెంటు కింది అంతస్తులో ఉన్నవాళ్లకు పైకప్పే ఉండదు. పైకప్పులున్నవాళ్లకే లాభం పోయే ప్రాజెక్టును సామూహికం అనడం నాకు నచ్చదు. ఒకే చోట పెద్ద ప్లాంటు పెట్టి అందరికీ వాటాలివ్వాలా, ఎవరి ఇంటిమీద వాళ్లు పెట్టుకోవాలా అన్నది ఈ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబుల్ని బట్టే తేలుతుంది.

"కరెంటు పోతే ఏ పని ఆగిపోతుంది" అన్నదానికి వచ్చే జవాబులు కూడా జాగ్రత్తగా రాసుకోండి. మందుల ఫ్రిజ్, తాగునీటి పంపు ఎప్పుడూ ఆగకూడదు. బట్టల ఇస్త్రీ ఆగొచ్చు. ఏది ఆగొచ్చో తెలిస్తే బ్యాటరీ చిన్నదైపోతుంది.

ఎండ, గాలి డేటా ఎక్కడ దొరుకుతుంది? డబ్బు కట్టాలా?

అక్కర్లేదు. యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం నడిపే పీవీజీఐఎస్, ప్రపంచ బ్యాంకు పెట్టిన గ్లోబల్ సోలార్ అట్లాస్, నాసా పవర్ అన్నీ ఉచితమే. మ్యాపు మీద మీ చోటు మీద నొక్కితే నెలవారీ ఎండ, కొన్నింటిలో గంటవారీ లెక్క కూడా వస్తుంది. గాలికి డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం, ప్రపంచ బ్యాంకు కలిసి చేసిన గ్లోబల్ విండ్ అట్లాస్ ఉంది.

దించుకున్నాక ఒక విషయం చూసుకోండి. పీవీజీఐఎస్ గంటవారీ ఫైల్లో సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటుంది, మీ గడియారంలో కాదు. దాన్ని సరిచేయకుండా మీ వాడకం పక్కన పెడితే నడినెత్తిన ఉండాల్సిన సూర్యుడు పొద్దున్నో సాయంత్రమో కనిపిస్తాడు, మిగతా లెక్కంతా తప్పుతుంది. గ్రాఫులో ఎండ పతాక స్థాయికి చేరే గంట మధ్యాహ్నం పన్నెండుకు అటూఇటూ ఉందో లేదో చూడండి. లేకపోతే ఆగి సరిచేయండి.

ఉపగ్రహం చెప్పిన ఎండ మా పైకప్పు మీద కూడా అంతే పడుతుందా?

చుట్టూ బయలైతే దాదాపు అంతే. కానీ నాసా పవర్ ఎండ లెక్క ఒక డిగ్రీ గడులకు ఇచ్చేది, అంటే భూమధ్యరేఖ దగ్గర ఒక్కో గడి అటూ ఇటూ వంద కిలోమీటర్లు పైనే. ఆ గడిలో కొండా ఉంటుంది, సముద్రమూ ఉంటుంది. పక్కింటి నీళ్ల ట్యాంకు నీడ గురించి దానికేం తెలుసు?

నీడే అసలు శత్రువు. ఒక వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒక్కదాని మీద నీడ పడినా, తగిన ఏర్పాటు లేకపోతే, మొత్తం వరుస ఉత్పత్తి దెబ్బతింటుంది. సూర్యుడు ఏడాదిలో అన్నిటికంటే కిందుగా నడిచే రోజుల్లో, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా గంటకోసారి ఒకేచోట నిలబడి పైకప్పును ఫొటో తీయండి. ఆ ఆరేడు ఫొటోల్లో ఎక్కడా నీడ పడని భాగమే మీకు నిజంగా పనికొచ్చే పైకప్పు. అంతదాకా ఆగలేకపోతే సూర్యుడి దారి చూపించే ఫోన్ యాప్‌లు ఉన్నాయి. ఇంకో మాట, చెట్లు పెరుగుతాయి. పక్క ఖాళీ స్థలంలో ఇల్లు లేస్తుంది. ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి.

వేడి సంగతి కూడా ఉంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. మండుటెండలో ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది, డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. అంటే పది శాతం పైన అక్కడే పోయింది. దుమ్ము, వైర్లు, ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) నష్టాలు కలుపుకుంటే కాగితం మీది లెక్కలో 75 నుంచి 80 శాతం వస్తే బాగున్నట్టే. అమ్మేవాళ్లు ఇచ్చే అంచనాలో ఈ నష్టాల వరుస లేకపోతే అడగండి.

ఏడాది సగటు చూసుకుంటే సరిపోదా, ఇంత లోతుకెందుకు?

సగటును నమ్ముకునే ప్రాజెక్టులు మునుగుతాయి. ఏడాది సగటున రోజుకు చదరపు మీటరుకు 5 యూనిట్ల ఎండ పడే చోట కిలోవాట్ ప్యానెల్ నుంచి రోజుకు 4 యూనిట్లు వస్తాయని రాసుకుంటాం. ముసురు పట్టిన నెలలో ఆ 5 కాస్తా 3 అవుతుంది, ఉత్పత్తి రెండున్నరకు దిగుతుంది. ఆ నెలలోనూ వరసగా నాలుగు రోజులు మబ్బు పట్టి ఉంటే? గ్రిడ్ ఉంటే పర్వాలేదు, అది ఆదుకుంటుంది. గ్రిడ్ లేనిచోట ఆ నాలుగు రోజులకు ఏం చేస్తారన్నదే డిజైన్ మొత్తం.

అందుకే పదేళ్ల రోజువారీ ఎండ లెక్క దించుకుని, వరసగా మూడు రోజుల మొత్తం అన్నిటికంటే తక్కువ ఎప్పుడొచ్చిందో వెతకండి. స్ప్రెడ్‌షీట్లో ఒక్క ఫార్ములాతో అయ్యే పని. బ్యాటరీ సైజు అక్కడి నుంచి మొదలవుతుంది. చాలాసార్లు ఆ అంకె చూశాక తెలిసేదేమిటంటే, ఏడాదిలో ఆ నాలుగైదు చెడ్డ రోజుల కోసం బ్యాటరీని రెట్టింపు చేయడం కంటే ఆ రోజుల్లో అత్యవసరమైనవి తప్ప మిగతావి ఆపుకోవడానికి అందరూ ముందే ఒప్పుకోవడం ఎంతో చవక.

అప్పు తీసుకునేవాళ్లకు సగటు కాని ఇంకో అంకె ఎదురవుతుంది. అప్పిచ్చేవాళ్లు పీ90 అడుగుతారు. పదేళ్లలో తొమ్మిదేళ్లు దాటుతుందనుకునే ఉత్పత్తి అది. సగటు లెక్క కంటే తక్కువే ఉంటుంది. మీ అప్పు వాయిదాలు ఆ అంకె మీద కట్టగలిగేలా ఉండాలి.

మా దగ్గర గాలి బాగా వీస్తుంది. గాలిమర పెట్టొచ్చా?

"బాగా వీస్తుంది" అనేది డేటా కాదు. గాలి నుంచి వచ్చే శక్తి వేగం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. సెకనుకు 5 మీటర్లు అనుకున్న గాలి నిజానికి 4 మీటర్లే ఉంటే, శక్తి సగానికి పడిపోతుంది. అంచనాలో ఐదో వంతు తప్పు, ఫలితంలో సగం గల్లంతు. సోలార్‌లో ఇంత ప్రమాదం లేదు.

మ్యాపుల్లోని లెక్క ఆశ పెట్టుకోవాలా వద్దా అన్నంతవరకే. గ్లోబల్ విండ్ అట్లాస్ 250 మీటర్ల గడుల్లో చూపిస్తుంది, అయినా ఇంటి గోడ, చెట్ల వరుస అందులో కనిపించవు. చిన్న గాలిమర అయితే రెక్కల అడుగు భాగం చుట్టూ 150 మీటర్లలో ఉన్న దేనికంటేనైనా కనీసం 9 మీటర్లు ఎత్తుగా ఉండాలన్నది పాత కొండగుర్తు. మేడ మీద పొట్టి స్తంభానికి గాలిమర బిగించి కరెంటు రాలేదని తిట్టుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క ముందు చదివుంటే బాగుండేది.

డబ్బు ఎక్కువ పెట్టబోతున్నారంటే, గాలిమర ఎంత ఎత్తులో ఉండబోతోందో దానికి దగ్గరి ఎత్తులోనే వేగాన్ని కొలిచే మీటరు పెట్టి ఏడాది కొలవండి. తర్వాత ఆ ఏడాది లెక్కను దగ్గరి వాతావరణ కేంద్రంలోని పది ఇరవై ఏళ్ల లెక్కతో పోల్చి, మీరు కొలిచింది గాలి ఎక్కువున్న ఏడాదా తక్కువున్న ఏడాదా తేల్చుకోవాలి. సగటు వేగంతో పాటు వేగంలో హెచ్చుతగ్గులు ఎంతున్నాయో కూడా కావాలి. ఎప్పుడూ 6 మీటర్లే వీచే చోటు కంటే సగం సమయం 3, సగం సమయం 9 వీచే చోట గాలిలో శక్తి ఒకటిముప్పావు రెట్లు ఉంటుంది, సగటు మాత్రం రెండు చోట్లా 6.

చిన్న వాగు ఉంది. దాని మీద ఏమైనా వస్తుందా?

ఎత్తు నుంచి పడుతుంటే రావచ్చు. వాగు కరెంటు గొప్పతనం ఏమిటంటే రాత్రీపగలూ వస్తుంది, అందుకే కొంచెమే అయినా ఎక్కువ పని చేస్తుంది.

రెండు కొలవాలి, ఎంత నీరు, ఎంత ఎత్తు. సన్నటి ధార అయితే నీటినంతా ఒక గొట్టంలోకో రేకు మీదికో మళ్లించి 20 లీటర్ల బకెట్ కింద పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 4 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు. పెద్ద వాగైతే తిన్నగా పారే పది మీటర్ల భాగం ఎంచుకుని, సగం నీళ్లు నింపిన సీసాను వదిలి టైమ్ చూడండి. వెడల్పు మీటరు, సగటు లోతు 30 సెంటీమీటర్లు, సీసా పది మీటర్లను 20 సెకన్లలో దాటింది అనుకుంటే సెకనుకు 150 లీటర్లు వస్తుంది. పైన పారినంత వేగంగా అడుగున నీరు పారదు కాబట్టి దాన్ని 0.7తో గుణిస్తే సుమారు 100 లీటర్లు. ఎత్తుకు, పైనుంచి కిందిదాకా సన్న గొట్టం వేసి, గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, కింది చివర ప్రెషర్ గేజ్ పెడితే ఒక బార్‌కు 10 మీటర్ల ఎత్తు చొప్పున చదువుకోవచ్చు.

కిలోవాట్లు కావాలంటే సెకనుకు లీటర్లను మీటర్ల ఎత్తుతో గుణించి, 9.81తో గుణించి, వెయ్యితో భాగించండి. 5 లీటర్లు, 30 మీటర్లయితే దాదాపు ఒకటిన్నర. టర్బైన్, గొట్టం, జనరేటర్ నష్టాలు పోను సగం చేతికొస్తుందనుకుంటే 0.7 కిలోవాట్. చిన్నదే, కానీ రోజుకు 17 యూనిట్లు.

ఈ కొలత వానల తర్వాత తీసి సంబరపడకండి. నీరు అతి తక్కువగా పారే నెలలో తీసిందే లెక్క. ఏ ఏడాది వాగు పూర్తిగా ఎండింది, ఏ రాయి దాకా వరద వచ్చింది అన్నవి అక్కడే పుట్టి పెరిగిన పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. కింద ఆ నీటి మీద ఆధారపడే పొలాలు, చేపలు ఉంటాయి, అందుకని వాగులో వదిలేయాల్సిన నీటిని మొత్తంలోంచి ముందే తీసేయాలి.

బయోగ్యాస్?

పశువుల సంఖ్యను కాదు, చేతికందే పేడను లెక్కపెట్టండి. పెద్ద పశువు రోజుకు పది కిలోల పేడ వేస్తుందని, కిలోకు 40 లీటర్ల గ్యాస్ వస్తుందని వాడుక లెక్క. పగలంతా బయట మేసే పశువు పేడలో సగం బయటే పోతుంది. కలపడానికి నీళ్లు కావాలి, చలికాలంలో గ్యాస్ బాగా తగ్గుతుంది. దాంతో కరెంటు తీయడం కంటే నేరుగా పొయ్యికి వాడుకోవడమే మేలు.

ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఎందుకు పట్టించుకోవాలి? అది కరెంటు సంస్థది కదా.

సంస్థదే, కానీ మీ ప్రాజెక్టును ఆపేది కూడా అదే. మీ ప్యానెళ్లన్నీ ఉన్న లైను ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తోంది, దాని మీద రాసిన కేవీఏ (అది మోయగల లోడు) ఎంత, ఇప్పటికే దాని కింద ఎంత సోలార్ ఉంది అన్నవి దరఖాస్తు పెట్టకముందే కనుక్కోండి. ఇక్కడ చూడాల్సింది అత్యధిక లోడు కాదు, మధ్యాహ్నం పూట అత్యల్ప లోడు. అందరూ బయటికెళ్లిన ఎండ రోజున ప్యానెళ్ల కరెంటు వెనక్కి పారుతుంది, లైను చివరి ఇళ్లలో వోల్టేజీ పెరుగుతుంది, పరిమితి దాటగానే ఇన్వర్టర్లు వాటంతటవే ఆగిపోతాయి. బాగా ఎండ ఉన్నప్పుడే ఉత్పత్తి ఆగిపోతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. లైను చివరి ఇంట్లో వారంపాటు వోల్టేజీ రాయించి చూడండి. ఇప్పటికే ఎక్కువగా ఉంటే ప్యానెళ్లను ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరగా పెట్టడమో, మూడు ఫేజులకూ సమంగా పంచడమో చేయాలి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

స్ప్రెడ్‌షీట్. ఏడాదిలో 8,760 గంటలు, అంటే 8,760 వరుసలు. ఒక నిలువు వరుసలో వాడకం, ఒకదానిలో ఉత్పత్తి, మూడోదానిలో తేడా. సగం ప్రశ్నలకు ఇక్కడే జవాబు దొరుకుతుంది, పైగా లెక్క ఎలా వచ్చిందో గుంపులో అందరికీ చూపించొచ్చు. ఆ తర్వాత అమెరికా జాతీయ ప్రయోగశాల ఉచితంగా ఇచ్చే, ఉత్పత్తీ ఖర్చూ లెక్కేసే సామ్, మ్యాపులకు క్యూజీఐఎస్, గ్రిడ్ లేని మిశ్రమ వ్యవస్థలకు హోమర్ ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా తప్పుడు వాడకం అంకెను అందమైన రంగుల గ్రాఫుగా మార్చగలదు, సరిచేయలేదు.

మీటరు రీడింగులు ఇవ్వడానికి జనం భయపడుతున్నారు. ఏం చెప్పాలి?

భయంలో న్యాయముంది. గంటవారీ రీడింగు చూస్తే ఇంట్లో ఎప్పుడు ఎవరూ ఉండరో తెలిసిపోతుంది. కాబట్టి పేర్లు తీసేసి నంబర్లు పెట్టండి, ఎవరి నంబరు ఏదో ఒక్కరి దగ్గరే ఉంచండి, బయటికి గుంపు మొత్తం అంకెలే చూపించండి. అమెరికాలో కాలిఫోర్నియాలో వాడే ఒక నియమం బాగుంటుంది: గుంపులో కనీసం 15 మంది వినియోగదారులుండాలి, ఏ ఒక్కరి వాడకమూ మొత్తంలో 15 శాతం దాటకూడదు. దేనికి వాడతారో, ఎప్పుడు చెరిపేస్తారో రాసిచ్చి సంతకం తీసుకోండి. ఇవ్వనన్నవాళ్లను బతిమాలొద్దు.

మా అంకెల్ని ఊళ్లో వాళ్లు నమ్మడం లేదు.

అయితే వాళ్లతోనే దిద్దించండి. మ్యాపును పెద్దగా ముద్రించి గోడకు అంటించి, పెన్నులిచ్చి వదిలేయండి. "ఇక్కడ వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి", "ఈ స్థలం మీద కేసు నడుస్తోంది", "ఇది ఖాళీ అంటున్నారు కానీ పశువులు ఇటే పోతాయి". ఏ పోర్టల్లోనూ లేని డేటా గంటలో వస్తుంది. తను దిద్దిన మ్యాపును ఎవరూ అబద్ధం అనరు కూడా.

ఇలా లెక్కలేసుకుని నిజంగా చేసినవాళ్లున్నారా?

ఉన్నారు. డెన్మార్క్‌లోని సామ్సో దీవిని 1997లో పునరుత్పాదక ఇంధన దీవిగా ఎంపిక చేశారు. 2000లో నేల మీద ఒక్కో మెగావాట్‌వి 11 గాలిమరలు పెట్టారు, దీవి ఏడాది కరెంటు వాడకానికి సరిపడేలా. కార్లు, ఫెర్రీలు కాల్చే ఇంధనాన్ని లెక్కగట్టి, దానికి బదులుగా సముద్రంలో మరో 10 పెట్టారు. సంఖ్య వాడకంలోంచి పుట్టింది, గాలిలోంచి కాదు. వాటిలో వాటాలు దీవి జనం కూడా కొన్నారు.

నాకు ఇంకా నచ్చేది స్కాట్లాండ్‌లోని ఎగ్ దీవి. వందమంది అటూఇటూ ఉండే చోటు, ప్రధాన గ్రిడ్‌తో సంబంధం లేదు. 2008లో నీరు, గాలి, ఎండ మూడింటినీ కలిపి సొంత వ్యవస్థ పెట్టుకున్నారు. అక్కడ ఇంటికి 5 కిలోవాట్లు, వ్యాపారానికి 10 కిలోవాట్లు పరిమితి. ఏ సమయంలోనూ అంతకు మించి లాగకూడదు. యూనిట్ల మీద కాక ఒకేసారి లాగే లోడు మీద హద్దు పెట్టడంలోనే తెలివుంది, ఎందుకంటే చిన్న వ్యవస్థను కూల్చేది నెల మొత్తం కాదు, అందరూ ఒకేసారి కెటిల్, హీటర్ వేసిన ఆ పది నిమిషాలు.

మొత్తం ఎన్నాళ్లు పడుతుంది?

గ్రిడ్ ఉన్నచోట పైకప్పు సోలార్‌కు రెండు మూడు నెలలు. గాలికి, వాగుకు ఏడాది. తొందరపెట్టేవాళ్లు ఉంటారు, ఫలానా తేదీలోపు సబ్సిడీ దరఖాస్తు వెళ్లాలని టెన్షన్ పెడతారు. ఆ గడువు కోసం వాడకం లెక్కను ఊహించి రాయడం కంటే చిన్న సైజుకు దరఖాస్తు పెట్టడం నయం.

ఇంత చేశాక లాభం లేదని తేలితే?

కట్టకండి. ఆ లెక్కల్ని తేదీ, కొలిచిన పద్ధతితో సహా సీఎస్‌వీ (ఏ స్ప్రెడ్‌షీట్లోనైనా తెరుచుకునే) ఫైళ్లుగా దాచండి, ప్యానెళ్ల ఖర్చులు, నియమాలు మారాక రెండేళ్లకు మళ్లీ తీయొచ్చు. ఈలోగా వాడకం గ్రాఫు ఎలాగూ చేతిలో ఉంది, పాత మోటార్లు, పాత ఫ్రిజ్‌లు ఎంత లాగుతున్నాయో అందులో కనిపిస్తుంది. వాటిని మార్చడం ఎన్నో చోట్ల ప్యానెళ్ల కంటే ముందు చేయాల్సిన పని.

ప్లాంటు మొదలయ్యాక ఇక డేటాతో పనిలేదు కదా?

మొదటి ఏడాదే ఎక్కువ పని. ప్రతి నెలా అంచనా ఎంత, వచ్చింది ఎంత అన్నది పక్కపక్కన రాయండి, ఆ నెల అసలు ఎండతో సరిచూడండి. ఎండ బాగానే ఉండి ఉత్పత్తి పది శాతం పైగా తగ్గితే ప్యానెళ్ల మీది దుమ్ము, కొత్తగా పెరిగిన కొమ్మ నీడ, ఊడిన కనెక్టరు, ఆగిన ఇన్వర్టర్ ఈ వరుసలో చూడండి. ఉత్పత్తి రాత్రిపూట కనిపిస్తోందా? అయితే ప్లాంటుకు ఏమీ కాలేదు. మీటరుకు కరెంటును కొలిచి పంపే సీటీని తిరగేసి బిగించారేమో, లేదా మీటరు గడియారం తప్పుందేమో చూడమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.